నీటి సరఫరాలో డిజిటల్ ట్విన్: తేలినదెంత, తేలవలసినదెంత

ప్రపంచవ్యాప్తంగా శుద్ధి చేసి పైపుల్లోకి వదులుతున్న నీటిలో రోజుకు సుమారు 34.6 కోట్ల ఘనపు మీటర్లు ఏ బిల్లులోకీ ఎక్కడం లేదని 2019లో లీంబెర్గర్, వయాట్ అనే ఇద్దరు నిపుణులు అంచనా కట్టారు. ఏడాదికి ఆ నీటి విలువ 3,900 కోట్ల డాలర్లు. అందులో కొంత లీకేజీల్లో నేలపాలవుతుంది, కొంత దొంగ కనెక్షన్లకు పోతుంది, మరికొంత మీటరు సరిగా తిరగక లెక్క తప్పుతుంది. ఏ పద్దు కింద ఎంత పోతోందో మాత్రం చాలా నగరాల జలమండళ్లు చెప్పలేవు.

ఆ జవాబు చెప్పగలదంటూ గత పదేళ్లుగా పరిశోధకులూ కంపెనీలూ ముందుకు తెస్తున్నది డిజిటల్ ట్విన్. నేల కింది పైపులు, వాల్వులు, నేల మీది పంపులు, ట్యాంకులు మొత్తానికీ కంప్యూటరులో ఒక ప్రతిరూపం కడతారు. సెన్సర్ల కొలతలు ఎప్పటికప్పుడు అందులోకి చేరుతుంటాయి కాబట్టి అది అసలు వ్యవస్థతో పాటే నడుస్తుంది. ఫలానా పంపు రెండు గంటలు ఆపితే ఏ కాలనీలో ప్రెషర్ పడిపోతుంది, ఫలానా మెయిన్ పగిలితే ఏ వాల్వు కట్టాలి, ఎన్ని ఇళ్లకు నీరు ఆగుతుంది, ఇలాంటివన్నీ అసలు వ్యవస్థ మీద చెయ్యి వెయ్యకుండానే తెలుసుకోవచ్చు.

ఆలోచన గట్టిదే. దాని చుట్టూ పెరిగిన చర్చే చిక్కుపడింది. హైడ్రాలిక్ ఇంజినీర్లు ఒకదాన్ని, డేటా శాస్త్రజ్ఞులు ఇంకొకదాన్ని, అమ్మే కంపెనీలు మరొకదాన్ని ఇదే పేరుతో పిలుస్తున్నారు. సామాజిక పరిశోధకులు అసలు సమస్య అక్కడ లేనే లేదంటున్నారు. ఈ వాదాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది: కంప్యూటరు లెక్కలో మిగిలిన లోటు చిన్నది. పైపుల పటం, మీటరు, వాల్వు తిప్పే మనిషి, ఈ మూడు చోట్ల ఉన్న లోటు పెద్దది. వెలువడుతున్న పత్రాల్లో ఎక్కువ భాగం మాత్రం ఆ చిన్న లోటు గురించే.

## పేరు కంటే పని పాతది

అల్లుకుపోయిన పైపుల్లో ఏ కొమ్మకు ఎంత నీరు పోతుందో లెక్కగట్టే పద్ధతిని అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హార్డీ క్రాస్ 1936లో ప్రచురించాడు. కాగితం, పెన్సిలు చాలు. ఒక అంచనాతో మొదలుపెట్టి, ప్రతి చుట్టులోనూ తప్పు తగ్గించుకుంటూ పోవాలి. కంప్యూటర్లు వచ్చాక రోజుల పని నిమిషాల్లోకి దిగింది. వాననీరు, మురుగు కాల్వల కోసం ఎస్‌డబ్ల్యూఎంఎం 1971లోనూ, మంచినీటి పైపుల కోసం ఈపీఏనెట్ 1993లోనూ వచ్చాయి. రెండూ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఉచితంగా ఇచ్చినవే. లూయిస్ రాస్‌మన్ రూపొందించిన ఈపీఏనెట్‌తోనే ఇప్పటికీ ఎన్నో దేశాల ఇంజినీరింగ్ విద్యార్థులు ఈ విద్యలో ఓనమాలు దిద్దుతున్నారు.

ఇంకోపక్క పంపుహౌసుల్లో స్కాడా వచ్చింది. ట్యాంకు మట్టం, పంపు నడక కంట్రోల్ రూములో తెర మీద కనిపించడం, అక్కడి నుంచే పంపు ఆన్, ఆఫ్ చెయ్యడం దశాబ్దాల నాటి సంగతి. ఒకటి లెక్క వేసేది, ఇంకొకటి కొలిచేది. ఈ రెండూ చాలాకాలం వేర్వేరు గదుల్లో ఉండిపోయాయి. వాటిని ఎడతెగకుండా కలిపి నడపడమే నీటిరంగంలో డిజిటల్ ట్విన్ తెచ్చిన కొత్తదనం.

పేరు మాత్రం తయారీ రంగం నుంచి వచ్చింది. మైకేల్ గ్రీవ్స్ 2002లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో వినిపించిన ఆలోచనకు, నాసాకు చెందిన జాన్ వికర్స్ 2010 ప్రాంతంలో ఈ పేరు స్థిరపరిచాడు. అక్కడి వస్తువులు విమానాలు, అంతరిక్ష నౌకలు. ఏ బోల్టు ఎక్కడుందో, దాని వయసెంతో తయారుచేసినవాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది. నీటిరంగానికి వచ్చేసరికి ఈ తేడా మరుగున పడింది. పాత నగరాల్లో ఏ వీధి కింద ఎంత వ్యాసం పైపు ఉందో చెప్పే పటం ఉంటే ఉంటుంది, లేకపోతే రిటైరవబోయే లైన్‌మన్ జ్ఞాపకంలో ఉంటుంది.

దేన్ని ట్విన్ అనాలన్న వాదానికి 2018లో క్రిట్జింగర్ బృందం ఒక కొలబద్ద ఇచ్చింది. కొలతలు మనిషి ఎక్కిస్తే అది డిజిటల్ మోడల్. కొలతలు తమంతట తామే లోపలికి వస్తూ, నిర్ణయం మాత్రం మనిషి చేతిలో ఉంటే డిజిటల్ షాడో. కొలతలు లోపలికి, ఆదేశాలు బయటికి రెండూ మనిషి లేకుండానే నడిస్తే డిజిటల్ ట్విన్. ఈ లెక్కన నీటిరంగంలో ట్విన్ అని చెప్పుకునేవాటిలో చాలా భాగం షాడోలే. దాన్ని నేను లోపంగా చూడను. మంచినీటి విషయంలో ఒక తప్పుడు ఆదేశం లక్షల మంది గొంతు దిగుతుంది కాబట్టి మధ్యలో మనిషి ఉండటమే మేలు. డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగర అనుభవంతో 2021లో వచ్చిన ఒక పత్రం ఇంకా పనికొచ్చే విభజన చేసింది: రోజూ కొలతలతో నడిచే ట్విన్ వేరు, రేపటి నిర్మాణాలను పరీక్షించుకునే ట్విన్ వేరు. మొదటిదానికి తాజాదనం ప్రాణం. రెండోదానికి వేగం అక్కర్లేదు, నమ్మకం కావాలి. టెండరు పత్రాల్లో ఈ రెంటినీ ఒకే పద్దు కింద అడగడం వల్లే చాలా ప్రాజెక్టులు రెంటికీ చెడుతున్నాయని నా అభిప్రాయం.

## మూడు దారులు

పరిశోధకులు మూడు దారుల్లో నడుస్తున్నారు. మొదటివాళ్లు భౌతిక సూత్రాలను నమ్ముకున్నవాళ్లు. పైపు పొడవు, వ్యాసం, లోపలి గరుకుదనం, ప్రతి కూడలి దగ్గర వాడకం తెలిస్తే ప్రెషర్ ఎంతో సూత్రమే చెబుతుంది. చిక్కల్లా ఆ గరుకుదనం, ఆ వాడకం ఎవరికీ నేరుగా తెలియకపోవడమే. కొలిచిన ప్రెషర్‌తో లెక్క సరిపోయేదాకా వాటిని సవరిస్తారు. దీన్నే కాలిబ్రేషన్ అంటారు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. మరమ్మతు కోసం ఒక గేట్ వాల్వు కట్టారనుకుందాం. పని అయ్యాక తిప్పడంలో నాలుగు చుట్లు తక్కువ పడ్డాయి. రికార్డులో అది తెరిచిన వాల్వు. దాని దిగువన ప్రెషర్ తక్కువ కనిపిస్తుంది. కంప్యూటరు ముందు కూర్చున్న ఇంజినీరు ఆ పైపు తుప్పు పట్టి గరుకెక్కిందనుకుని అంకె మారుస్తాడు. లెక్క చక్కగా సరిపోతుంది, కారణం మాత్రం తప్పు. రేపు అగ్నిప్రమాదానికి ఎక్కువ నీరు లాగవలసి వచ్చినప్పుడు ఆ మోడల్ చెప్పే జవాబు కూడా తప్పే. సగం మూసుకున్న వాల్వులు ఈ వృత్తిలో అరుదైన వింతలు కావు, కాలిబ్రేషన్ చేసిన ప్రతివాళ్లకూ ఎదురయ్యేవే.

రెండోవాళ్లు పటం జోలికి పోరు. నెలల తరబడి వచ్చిన కొలతల్లో మామూలు నడక ఏమిటో యంత్రానికి నేర్పి, తేడా వస్తే పట్టమంటారు. జనం నిద్రపోయే రాత్రి రెండు, నాలుగు గంటల మధ్య ఒక ప్రాంతంలోకి పోయే నీరు నెమ్మదిగా పెరుగుతుంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. పద్ధతి చవక, తొందరగా మొదలుపెట్టవచ్చు. కానీ మునుపు జరగనిదాన్ని గురించి దానికేమీ తెలియదు. కొత్త కాలనీకి లైను కలిపినా, ఒక జోను వాల్వు మార్చినా నేర్చుకున్నదంతా పాతబడుతుంది.

మూడోవాళ్లు రెంటినీ కలిపేవాళ్లు. సూత్రం చెప్పినదానికీ సెన్సర్ చెప్పినదానికీ మధ్య తేడానే నిరంతరం గమనిస్తారు. కాల్మన్ ఫిల్టర్ల వంటి పద్ధతులతో మోడల్‌ను నడుస్తుండగానే సవరిస్తారు. నీటి సూత్రాలను న్యూరల్ నెట్‌వర్కుల శిక్షణలోనే ఇమిడ్చే ప్రయత్నాలూ ఇప్పుడు జోరుగా ఉన్నాయి. ఆశ ఎక్కువున్నది ఈ దారిలోనే. అయితే వీటిలో చాలా నమూనాలకు శిక్షణ ఇస్తున్నది ఈపీఏనెట్ పుట్టించిన డేటాతోనే. అంటే ఈపీఏనెట్ వెనకున్న ఊహలన్నీ, తప్పులతో సహా, కొత్త యంత్రానికి వారసత్వంగా వస్తాయి.

ఈ పద్ధతులను ఒకే గీటురాయి మీద గీసి చూసిన పరీక్ష 2020లో జరిగింది. సైప్రస్‌లోని కియోస్ కేంద్రం పరిశోధకులు ముందుండి నడిపిన బ్యాటిల్‌డిమ్ పోటీలో ఎల్‌టౌన్ అనే ఊహా పట్టణాన్ని ఇచ్చారు. 900కు పైగా పైపులు, 33 ప్రెషర్ సెన్సర్లు. ఏడాది కొలతల్లో దాగిన 23 లీకేజీలను పట్టాలి. 18 బృందాలు పాల్గొన్నాయి. ఒక్క బృందమూ అన్నిటినీ పట్టలేకపోయింది. పైపు పగిలి ఒక్కసారిగా నీరు పోతే చాలామంది కనిపెట్టారు. నెలల తరబడి సన్నగా పెరిగే లీకేజీలు చాలావరకు చేతికి చిక్కలేదు. నేల కింద నీరు ఎక్కువగా పోయేది అలాంటివాటిలోనే. పటం, డేటా రెండూ శుభ్రంగా చేతికిచ్చిన పట్టణంలోనే ఇంత కష్టమైతే, పటమే సరిగా లేని ఊళ్లో ఎంతవరకు ఆశించవచ్చో ఈ పోటీ చెప్పకనే చెప్పింది.

## ఫలితం కనిపించిన చోట్లు

స్పెయిన్‌లోని వాలెన్సియా ఎక్కువగా ఉదహరించే ఊరు. చుట్టుపక్కలతో కలిపి సుమారు 16 లక్షల మందికి నీరిచ్చే వ్యవస్థ మొత్తానికి స్థానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, నీటి సంస్థ కలిసి ట్విన్ కట్టిన తీరును 2020లో ప్రచురించారు. ఆపరేటర్లు రోజువారీ నిర్ణయాలకు దాన్నే వాడుతున్నారు. ట్విన్ అన్న పేరు రాకముందే అక్కడ సెన్సర్లు, పటం, మోడల్ ఏళ్ల తరబడి కుదురుకుని ఉన్నాయన్నది ఉదహరించేవాళ్లు తరచూ వదిలేసే సంగతి.

అమెరికాలోని సౌత్ బెండ్ కథ నాకు ఇంకా బలంగా అనిపిస్తుంది. వాననీరు, మురుగు ఒకే పైపులో పోయే పాత ఊరు. వాన పడితే ఆ కలగలుపు నీరు పొర్లి సెయింట్ జోసెఫ్ నదిలో పడేది. 2008 నుంచి మురుగు పైపుల్లో వందకు పైగా సెన్సర్లు, తమంతట తామే కదిలే గేట్లు పెట్టి, ఖాళీ ఉన్న పైపులోకి నీటిని మళ్లించడం మొదలుపెట్టారు. పొర్లే మురుగు సుమారు 70 శాతం తగ్గిందని ఆ నగరం లెక్క. కొత్త సొరంగాల మీద పెట్టవలసిన వందల మిలియన్ డాలర్లు మిగిలాయి. ఇది క్రిట్జింగర్ కొలబద్దలో మూడో మెట్టు, అసలైన ట్విన్. ఎందుకు కుదిరింది? సాధించవలసింది ఒకటే, దాన్ని కొలవవచ్చు, గేటు తప్పు చేసినా మంచినీటికి ముప్పు లేదు.

కాలువల్లోనూ ఇలాంటి పని జరుగుతోంది. కృష్ణా పరీవాహకంలోనే, కర్ణాటకలోని నారాయణపుర ఎడమ కాలువ మీద ఆస్ట్రేలియా పరిజ్ఞానంతో వేల గేట్లను దూరం నుంచి నడిపే ఏర్పాటు చేశారు. మన కాలువల మీద లస్కరు తూము ఎత్తి, దించి, చూపుతో అంచనా వేసే పని అక్కడ కొలతతో జరుగుతుంది. ఆయకట్టు చివరి రైతుకు నీరు అందుతుందా అన్నదే దీనికి అసలు పరీక్ష. గేటు ఎంత ఎత్తారన్నది తెర మీద కనిపించినంత మాత్రాన ఎగువ రైతు అడ్డుకట్ట వెయ్యకుండా ఉండడు.

జలాశయాల సంగతికి వస్తే 2024 మనకు రెండు పాఠాలు నేర్పింది. ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. డ్యాములో ఎన్ని టీఎంసీలున్నాయో, ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో రోజూ ప్రకటించే వ్యవస్థ ఉంది. గొలుసు అలసట మాత్రం ఆ అంకెల్లో ఉండదు. వారం లోపే, పారే నీటిలో స్టాప్‌లాగ్ అనే తాత్కాలిక అడ్డు దింపి నీటిని నిలిపిన పనికి దారి చూపింది కన్నయ్యనాయుడు వంటి గేట్ల నిపుణుల అనుభవం. సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. విజయవాడను ముంచింది మాత్రం ప్రధానంగా బుడమేరు వాగు. పెద్ద నదికి ఎంత చక్కని మోడల్ కట్టినా, పక్కనున్న చిన్న వాగునూ ఊరి డ్రైన్లనూ దానితో కలపకపోతే, విజయవాడ సింగ్‌నగర్‌లో మేడ మీద చిక్కుకున్న కుటుంబానికి అది చెప్పగలిగేది ఏమీ లేదు.

## రోజు విడిచి రోజు వచ్చే నీరు

ఈ రంగంలో అన్నిటికంటే తక్కువ చర్చ జరిగిన ప్రశ్న ఇది. మనకు అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

ఈపీఏనెట్ మొదలుకుని చాలా మోడళ్ల పునాది ఊహ: పైపులు ఎప్పుడూ నిండుగా, ప్రెషర్‌తో ఉంటాయి. హైదరాబాద్‌లో చాలా ప్రాంతాలకు నీరు రోజు విడిచి రోజు, కొన్ని గంటలే వస్తుంది. భారతీయ నగరాల్లో ఎక్కువ భాగం పరిస్థితి ఇలాంటిదే. నీరు వదలగానే ముందు పైపులోని గాలి బయటికి పోవాలి, పైపు నిండాలి, పల్లపు ఇళ్లకు ముందు అందాలి, మెరక ఇళ్లకు ఆఖరున. ప్రతి ఇంటా సంపు ఉంటుంది. కుళాయి కట్టేవాళ్లుండరు, వచ్చినంతసేపూ పట్టుకోవడమే. కొందరు నేరుగా పైపుకే మోటారు బిగిస్తారు. ఇక్కడ వాడకం అన్నది మనిషి అవసరాన్ని బట్టి కాక, దొరికిన ప్రెషర్‌ను బట్టి, గంటలను బట్టి ఉంటుంది.

ప్రెషర్ చాలనప్పుడు ఎంత నీరు అందుతుందన్న ప్రశ్నను ముందుగా లేవనెత్తినవాళ్లలో నాగపూర్ ఇంజినీరింగ్ కళాశాల ఆచార్యుడు ప్రమోద్ భావే ఒకరు. 1981లోనే ఆయన దీని మీద పత్రం ప్రచురించాడు. ఈపీఏనెట్‌లో ప్రెషర్‌ను బట్టి వాడకాన్ని లెక్కించే వీలు 2020లో వచ్చిన 2.2 వెర్షన్‌తో గానీ చేరలేదు. పైపు నిండడం, ఖాళీ అవడం ఇప్పటికీ దానికి పట్టవు. అందుకే కొందరు పరిశోధకులు మురుగు కాల్వల కోసం చేసిన ఎస్‌డబ్ల్యూఎంఎంను మంచినీటికి వాడి చూస్తున్నారు. నలభై ఏళ్ల ఆలస్యానికి కారణం కష్టమొక్కటే కాదు. పరికరాలు తయారయ్యే దేశాల్లో ఈ సమస్య లేదు.

ఆరోగ్యం కోణం ఇంకా తీవ్రం. హుబ్బళ్లి-ధార్వాడలో 24 గంటలూ నీరొచ్చే వార్డులనూ, ఆగి ఆగి వచ్చే వార్డులనూ పోల్చి కంపెల్, నెల్సన్ 2013లో ఫలితాలు ప్రచురించారు. నిరంతర సరఫరా కుళాయి నమూనాల్లో ఈ-కోలి బ్యాక్టీరియా కనిపించినవి ఒక శాతం లోపే. ఆగి వచ్చే చోట సుమారు 32 శాతం. ప్రెషర్ లేని గంటల్లో చిల్లుల గుండా మురుగును పైపు లోపలికి పీల్చుకుంటుంది. ఆ గంటల్లో ఏమవుతుందో చెప్పలేని ట్విన్, తెర మీద ఎంత అందంగా ఉన్నా, మన పిల్లలకు విరేచనాలు ఎందుకు పట్టుకుంటున్నాయో చెప్పలేదు.

## మీటరు, మనిషి

సామాజిక పరిశోధకుల వాదం ఇక్కడ మొదలవుతుంది. హుబ్బళ్లి-ధార్వాడలోనే నెక్స్ట్‌డ్రాప్ అనే సంస్థ వాల్వు తిప్పే ఉద్యోగులు ఫోనులో సమాచారమిస్తే, నీరు ఎప్పుడొస్తుందో ఇళ్లకు ఎస్సెమ్మెస్ పంపే ఏర్పాటు చేసింది. తర్వాత బెంగళూరుకు తెచ్చింది. అక్కడ కుమార్, పోస్ట్, రే 2018లో ప్రచురించిన క్షేత్ర అధ్యయనంలో ఆశించిన ప్రయోజనం పెద్దగా కనిపించలేదు. సమాచారం ఆగిపోయింది వాల్వు దగ్గరే. ఇప్పటికే పని భారంతో ఉన్న ఉద్యోగికి ఇంకో ఫోను చెయ్యడానికి కారణమేమీ కనిపించలేదు. నేర్పరితనమంతా సాఫ్ట్‌వేరులో పెట్టి, సమాచారం పుట్టే చేతిని మరిచిపోతే జరిగేది ఇదే.

దీనికి ఎదురుగా నోమ్‌పెన్ నిలుస్తుంది. యుద్ధంలో చితికిన కంబోడియా రాజధానిలో 1993లో బిల్లుకెక్కని నీరు 72 శాతం. ఎక్ సన్ చాన్ నాయకత్వంలో పదిహేనేళ్లలో అది సుమారు 6 శాతానికి దిగింది. అక్కడ డిజిటల్ ట్విన్ లేదు. ప్రతి కనెక్షన్‌కూ మీటరు, దొంగ కనెక్షన్ల తొలగింపు, అధికారులు, సైన్యం సహా అందరి నుంచీ బిల్లు వసూలు, బాగా పనిచేసిన సిబ్బందికి ప్రోత్సాహం. ఇంజినీర్లు దీన్ని పాతకాలపు మినహాయింపుగా చూస్తారు, సామాజిక శాస్త్రజ్ఞులు ఏకైక మార్గంగా చూస్తారు. నేను దీన్ని క్రమంగా చూస్తాను. నోమ్‌పెన్ చేసిన పని ముందు జరగాలి, ట్విన్ దానిమీద నిలబడాలి.

ఆ క్రమంలో చిన్న పరికరాల పరిశోధనకు దక్కవలసిన గౌరవం దక్కడం లేదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఇంటి పాత మీటరు తియ్యకుండానే దాని ముఖం మీద చిన్న కెమెరా బిగించి, తిరిగే అంకెలను చదివించి పంపే పరికరం తయారుచేశారు. పైపు కొయ్యనక్కర్లేదు, మీటరు మార్చనక్కర్లేదు. హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకానికి పనిచేసే మీటరు షరతు పెట్టినప్పుడు, మీటరు బాగుండటం మొదటిసారి ఇంటివాళ్లకూ లాభమైంది. ఈ రెంటినీ ఒకచోట కలిపి పరీక్షిస్తే వచ్చే జ్ఞానం, ఇంకో ఊహా పట్టణం మీద ఇంకో అల్గారిథం కంటే మనకు ఎక్కువ ఉపయోగం.

## గండి పడే చోటు

పంపులను నెట్‌వర్కుకు కలిపితే ఆ దారిన ఇంకెవరైనా రావచ్చు. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ ప్రాంతంలో, ఒక మాజీ కాంట్రాక్టు ఉద్యోగి రేడియో ద్వారా మురుగు పంపులను అదుపులోకి తీసుకుని దాదాపు ఎనిమిది లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి వదిలాడు. 2021లో అమెరికాలోని ఓల్డ్‌స్మార్‌లో సోడియం హైడ్రాక్సైడ్ మోతాదు 100 నుంచి 11,100 పీపీఎంకు మార్చారన్న వార్త ప్రపంచమంతా పాకింది. తెర చూస్తున్న ఆపరేటర్ వెంటనే సరిచేశాడు. అది దాడేనని దర్యాప్తులో రుజువు కాలేదు, ఉద్యోగి పొరపాటై ఉండవచ్చని తర్వాత ఆ ఊరి మాజీ అధికారే అన్నారు. దాడో పొరపాటో రెండేళ్లయినా తేలకపోవడమే భయపెట్టే సంగతి. దాడులను పసిగట్టే పద్ధతులకూ 2017లో బటాడల్ అనే పోటీ జరిగింది, పరిశోధన సాగుతోంది.

ముప్పు పంపుల దారినే కాదు, మీటరు దారిన కూడా ఉంది. గంట గంటకూ రీడింగు పంపే మీటరు ఇంట్లో ఎవరున్నారో, ఊరెళ్లారో కూడా చెప్పేస్తుంది. ఆ సమాచారం మీద హక్కు ఎవరిదన్న చర్చ మన దగ్గర ఇంకా మొదలు కాలేదు.

## ఇంకా తేలనివి

ఖర్చుకు తగ్గ ఫలితం ఉందా అన్నది మొదటి ప్రశ్న. ప్రచురితమైన అనుభవాల్లో చాలావరకు ట్విన్ కట్టినవాళ్లే రాసినవి. విఫలమైన ప్రాజెక్టు గురించి పత్రం రాసేవాళ్లు అరుదు. ట్విన్ పెట్టిన జోను, పెట్టని జోను పక్కపక్కన రెండు మూడేళ్లు స్వతంత్రంగా కొలిచిన అధ్యయనాలు వేళ్ల మీద లెక్కించవచ్చు. లీకేజీ తగ్గితే అది ట్విన్ వల్లా, దానికోసం మీటర్లు పెట్టి పటం సరిచేసినందువల్లా అన్నది విడదీసి చూడనే లేదు.

రెండోది, తనకు ఎంత తెలియదో ట్విన్ ఎలా చెప్పాలి? తెర మీద ప్రతి కూడలికీ ఒకే అంకె కనిపిస్తుంది. కొలిచిన అంకె, ఊహించిన అంకె ఒకే రంగులో ఉంటాయి. ఎంత అటూఇటూ కావచ్చో చూపే పద్ధతులు పరిశోధనలో ఉన్నాయి, కంట్రోల్ రూముల్లో లేవు.

మూడోది మోడల్ ఎవరి సొత్తు అన్నది. ఒప్పందం ముగిశాక పైపుల పటం, కాలిబ్రేషన్ అంకెలు, ఏళ్ల కొలతలు కంపెనీ సర్వరులో ఉండిపోతే నగరం మళ్లీ మొదటికొస్తుంది. జల్ జీవన్ మిషన్ కోసం 2020లో కేంద్రం జరిపిన సాంకేతిక పోటీ పల్లె సరఫరాను సెన్సర్లతో కొలవడానికి దేశీయ పరికరాలను ప్రోత్సహించింది. ఆ సెన్సర్ల బ్యాటరీ మూడో ఏట ఎవరు మారుస్తారు, ఆ డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది, పంచాయతీ సిబ్బందికి ఆ కొలత చదవడం ఎవరు నేర్పుతారు అన్నవి టెండరు రాసే రోజే జవాబు చెప్పవలసిన ప్రశ్నలు. డేటా బహిరంగ ప్రమాణాల్లో ఉండాలని, మోడల్ ఫైలు జలమండలికే చెందాలని, నిర్వహణ ఖర్చు పదేళ్లకు ముందే కేటాయించాలని ఒప్పందంలో రాయించుకోవడానికి కొత్త పరిశోధన ఏదీ అక్కర్లేదు.